పళ్ళ కాలేజీ సార్ల వేలంపాట

"నేనన్నది ఒక్కటే మాట. 'సారూ, పిల్ల మీద అరవకండి' అన్నాను. అంతే. అంతకు మించి ఒక్క అక్షరం అన్నానంటే నా నోరు పడిపోవాలి."

శోభనాద్రి ఇంత చిన్న మాటతో మొదలుపెట్టాడంటే గిలకలదిండిలో ఎవరైనా సరే కూర్చున్న స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంటారు. హార్బరులో చేపల వేలం పాడేది ఆయనే. మైకు అక్కర్లేదు. ఇవతల రేవులో 'ఒకటోసారి' అంటే అవతల లంగరేసిన బోటులో వంట చేసుకుంటున్నవాడు కూడా తలెత్తి చూస్తాడు. పొద్దుటి పాట అయిపోయాక చొక్కా బొత్తాలు రెండు విప్పుకుని, హసీనా టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చోవడం ఆయన అలవాటు. అక్కడ ఆయన చెప్పేది కూడా పాటలాంటిదే. చిన్నగా మొదలై పైకి పోతూనే ఉంటుంది. ఎక్కడ ఆగుతుందో ఆయనకీ తెలీదు.

హసీనా గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన చెబుతున్న పిల్ల ఆవిడ కూతురే.

నౌషీన్ పళ్ళ డాక్టరు చదువుతోంది. ఆఖరి సంవత్సరం. కాలేజీ పేరు మనకెందుకు, గుడివాడలో బస్సు మారి వెళ్ళాలి. అక్కడ చదువు సగం పుస్తకంలో, సగం కుర్చీ పక్కన. ఆ కుర్చీలో పడుకునే పేషెంటుని చాలాసార్లు పిల్లలే వెతుక్కోవాలి. పిప్పిపన్ను ఉన్న మేనత్తలనీ, పక్కింటివాళ్ళనీ బతిమాలి బస్సెక్కించి తీసుకుపోవాలి. పనిలో ఒక్కో మెట్టు దగ్గర ట్యూటరు వచ్చి చూడాలి, తప్పైతే దిద్దాలి, సరైతే సంతకం పెట్టాలి. సంతకం పడితేనే తర్వాతి మెట్టు. పోయిన వారం శోభనాద్రి ముందుపన్ను నల్లబడి నెప్పెడుతోందంటే నౌషీన్ ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళింది.

వెళ్ళేటప్పుడు ఇద్దరూ ఒకే బస్సులో వెళ్ళారు. వచ్చేటప్పుడు విడివిడిగా వచ్చారు.

వచ్చిన దగ్గర్నుంచి పిల్ల వెనకగదిలోంచి బయటికి రాలేదు. "ఇంక వెళ్ళను అమ్మీ" అంది. ఏమైందే అంటే చెప్పదు. గోడవైపు తిరిగి పడుకుంటుంది. సోమవారం వెళ్ళి ఒక కేసు పూర్తి చేసి చూపించకపోతే ఈసారి పరీక్షకి కూర్చోనివ్వరు. ఆ సంగతి హాస్టలు పిల్ల ఎవరో ఫోను చేసి చెబితే తెలిసింది. పిల్ల తండ్రి బోటు మీద వేటకి వెళ్ళాడు, ఎప్పుడొస్తాడో తెలీదు. హసీనా ఎవరికీ చెప్పుకోలేదు. పిల్ల ఇంట్లోనే ఉందన్న సంగతి కొట్టుకి వచ్చేవాళ్ళకెవరికీ తెలీదు. కొట్టుకీ వెనకగదికీ మధ్య ఉన్నది ఒక్క కర్టెను.

"అంతేనా? అంతేగా అన్నది? దానికి నువ్వు గుడివాడ దాటి వెళ్ళాలా బావా?" అన్నాడు కాంతారావు. ఆయనకి రెండు బోట్లు. చుట్టరికం లేకపోయినా శోభనాద్రిని బావా అనే పిలుస్తాడు.

"అన్నది అంతే బావా. కానీ ఎలాంటి పరిస్థితుల్లో అన్నానో వినాలా వద్దా? నన్ను కుర్చీలో పడుకోబెట్టారు. కుర్చీ అంటే సెలూన్లో కుర్చీ అనుకునేవు. మీట నొక్కితే తల కిందికీ కాళ్ళు పైకీ పోతాయి. మొహమ్మీద రాత్రివేట బోటుకి కట్టేంత లైటు. మన నౌషీన్ ఉంది చూశావూ, బంగారం. సూది గుచ్చితే దోమ వాలినట్టు కూడా లేదు. పన్నుకి క్లిప్పు పెట్టి, నోటి మీద ఇంత రబ్బరు గుడ్డ పరిచి, చుట్టూ ఫ్రేము బిగించింది. ఆ ఒక్క పన్నే బయటికి కనపడుతుంది. మిగతా నోరంతా గుడ్డ కింద. మందు గొంతులోకి జారకుండా మావయ్యా అంది. సరే తల్లీ అన్నాను. వేరు లోపలంతా శుభ్రం చేసి, 'సార్, ఒక్కసారి చూడండి సార్' అని చెయ్యెత్తి నిలబడింది. నిలబడింది, నిలబడింది. ఆయన కిటికీ దగ్గర ఫోను చూసుకుంటున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"వచ్చాడు," అంది మేరీ. ఆవిడ చేపలగంప పక్కన పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. "రాకపోతే నీ కథెక్కడిది?"

"వచ్చాడు! దుర్గాశ్రీనివాస్ సారు. ట్యూటరు. వచ్చి ఏం చూశాడనుకున్నావు? అద్దం పట్టలేదు. నడుం వంచలేదు. నిలబడే ఒక్క చూపు చూసి, 'ఎవరు చెప్పారు నీకు ఇలా తెరవమని?' అని ఒక్క కేక. హాలంతా తిరిగి చూసింది. 'మొన్న మీరే ఇలా చెయ్యమన్నారు సార్' అంది పిల్ల, చిన్నగా. 'ఎదురు చెబుతున్నావా' అని ఇంకో కేక."

హసీనా పొయ్యి తగ్గించింది. ఈ ముక్క నిజమేనని ఆవిడకి అనిపించింది. దుర్గాశ్రీనివాస్ పేరు ఫోనులో విన్నదే. ఆయన పోస్టింగు ఉన్న వారం పిల్ల గొంతు ఎప్పుడూ ఒకలాగే ఉండేది, తిండి తిన్నావా అంటే తిన్నా అని, అక్కడితో ఆపేసేది. పేషెంటు ముందే తిడతాడు అమ్మీ, అని ఒకసారి అంది. తిట్టినా ఫరవాలేదు, ఎక్కడ తప్పో చెప్పడు. అప్పుడు హసీనా ఏమంది? ఓర్చుకో తల్లీ, పెద్దవాళ్ళు, అంది.

"అప్పుడన్నాను నేను ఆ మాట. పిల్ల మీద అరవకండి అని."

మేరీ నవ్వింది. "నోటికి రబ్బరు గుడ్డ బిగించి ఉందన్నావు. ఎలా అన్నావన్నా?"

ఇంకొకడైతే అక్కడ తడబడేవాడు. శోభనాద్రి మొహం వెలిగిపోయింది.

"అద్దీ ప్రశ్న! ఇంకెవరి గొంతైనా అయితే ఆ గుడ్డ కిందే చచ్చేది మేరీ. నాది ఏ గొంతు? గుడ్డ డప్పులా బిగిసి ఉందా, నేను కడుపులోంచి మాట తియ్యగానే అది మోగిందయ్యా. 'సా...రూ' అని. మామూలుగా నేనరిస్తే రేవు వరకే. ఆ గుడ్డ మీదుగా వచ్చేసరికి కాలేజీ గోడల్లో సున్నం రాలింది. పక్క హాలులో పళ్ళు పీకించుకోవడానికి మత్తిచ్చి పడుకోబెట్టినవాళ్ళంతా లేచి కూర్చున్నారు. ఒక ముసలాయనకి పీకాల్సిన పన్ను దానంతటదే ఊడి పళ్ళెంలో పడింది. ఆ పన్ను పీకాల్సిన కుర్రాడికి కేసు పూర్తయింది, పరుగెత్తుకొచ్చి నా కాళ్ళకి దండం పెట్టాడు."

"దానికి సంతకం ఎవరు పెట్టారు బావా?" అన్నాడు కాంతారావు.

"నేనే పెట్టాను. ఆగు. ఇంకా అసలు సంగతికి రాలేదు. సారు బిత్తరపోయి చూస్తున్నాడు. నేను క్లిప్పుతో, గుడ్డతో, ఫ్రేముతో సహా లేచి నిలబడ్డాను. 'ఏరా పిల్లలూ, ఇక్కడ మీకు పాఠం చెప్పే సార్లెంతమంది? ఎవరు ఎలా చెబుతారు?' అన్నాను. ఒక్కడూ నోరు విప్పడు. భయం. చెబితే ఆ సారే రేపు సంతకం పెట్టాలి కదా. అప్పుడు నాకు తట్టిందయ్యా. మనకొచ్చిన విద్య ఏమిటి? చేపని మెచ్చుకోమంటే ఎవడూ మెచ్చుకోడు. పాటలో పెట్టు, దాని సంగతి తేలిపోతుంది. 'వరసగా నిలబడండి సార్లూ' అన్నాను. నిలబడ్డారు. వేలం మొదలెట్టాను."

"దేన్ని?"

"సార్లని!"

కాంతారావు టీ పొలమారింది. మేరీ ఆయన వీపు మీద చరిచింది.

"డబ్బు పాట కాదు. పిల్లల దగ్గర డబ్బెక్కడిది? ఎవరికి ఏది ప్రాణమో అది పాడమన్నాను. మొదటి సరుకు, హాసిని మేడం. చిన్న వయసే. బల్లెక్కించి నిలబెట్టి మొదలుపెట్టాను. 'చూడండి బాబూ, తాజా వంజరం చేపలాంటి మేడం! పక్కన స్టూలు వేసుకుని మీతో సమానంగా కూర్చుంటుంది! ముందు తన చేత్తో చేసి చూపించి అప్పుడు మీ చేతికిస్తుంది! తప్పు చేస్తే పేషెంటు ముందు పల్లెత్తు మాట అనదు, ఆయన వెళ్ళాక పక్కకి పిలిచి చెబుతుంది! ఎందుకిలా చేశావని అడిగి, మీరు జవాబు చెప్పేదాకా ఆగుతుంది! పాటెంత?' అన్నాను. ఒకడు ఆదివారం సెలవు ఇచ్చేస్తానన్నాడు. ఇంకొకడు హాస్టల్లో కోడికూర ముక్క, పరీక్షలయ్యేదాకా. ధీరజ్ అని ఒక కుర్రాడు, 'నా ఫోను' అన్నాడు. వెనకనుంచి ఒకమ్మాయి, 'నా ఫోను, ఛార్జరుతో సహా!' ఇంకొకత్తి, 'నా జడ!' అని కత్తెర తీసింది. ఒకటోసారి, రెండోసారి అంటున్నాను, పాట ఆగదే! గురువారం ఒక్కరోజే వస్తుందిట ఆవిడ. రోజూ రమ్మనడానికి ఏమైనా ఇస్తామంటున్నారు."

హసీనా చెయ్యి ఆగింది. గురువారం అమ్మీ, గురువారం ఎందుకు వారానికి ఒక్కటే వస్తుంది, అని నవ్వేది నౌషీన్. అచ్చంగా ఆ మాటలే. ఆ స్టూలు సంగతి, జవాబు చెప్పేదాకా ఆగే సంగతి, అన్నీ పిల్ల చెప్పినవే. ఈయనకెలా తెలుసు?

తెలిసిందంటే, అక్కడ పిల్లల్ని ఏదో అడిగి, వాళ్ళ చేత చెప్పించి ఉండాలి. వేలం అబద్ధం. జడలు అబద్ధం. కానీ ఏదో జరిగింది. ఎవరో ఒకరు పిల్ల పక్షాన నోరు విప్పారు.

ఆవిడ ఆయన గ్లాసు తీసుకుని మళ్ళీ నింపింది. అల్లం కాస్త ఎక్కువే వేసింది.

"నీకు నూరేళ్ళు చెల్లెమ్మా," అని అందుకున్నాడు శోభనాద్రి. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండో సరుకు విడిగా అమ్మడానికి వీల్లేదు, జంట. ఇద్దరు సార్లు. సోమవారం సారు ఇంత వెడల్పు కొయ్యమంటాడు. బుధవారం సారు వచ్చి, ఇంత వెడల్పెవడు కొయ్యమన్నాడు అంటాడు. పన్ను ఒకటే, పేషెంటు ఒకడే, పిల్ల ఒకతే. ఎవరి మాట వినాలి? వింటే ఒకరికి కోపం, వినకపోతే ఇంకొకరికి. పిల్లలెవరూ పాడలేదు. నేనేం చేశాను? ఇద్దర్నీ ఒకే గంపలో కూర్చోబెట్టి, పైన ఐసు పోసి, మూత కట్టేశాను. 'ఇద్దరూ ఒక మాట మీదకి వచ్చాక లోపల్నించి తట్టండి, అప్పుడు తీస్తాను' అన్నాను."

"తట్టారా?"

"ఇంకా లేదు. గంప అక్కడే ఉంది. ఐసు మార్చమని చెప్పొచ్చాను."

మేరీ పైటచెంగు నోటికడ్డం పెట్టుకుంది.

"మూడో ఆయన చాలా మంచివాడు బావా. నిజంగా మంచివాడు. ఎవర్నీ ఏమీ అనడు. కాగితం పెడితే చాలు, చూడకుండా సంతకం పెట్టేస్తాడు. ఈయన్నైనా ఎగరేసుకుపోతారనుకున్నాను. ఒక్కళ్ళూ పాడలేదు. ఏరా అంటే, 'సారు మంచోరేనండీ, కానీ బయటికెళ్ళాక పేషెంటు నోట్లో మా చెయ్యే కదండీ ఉండేది' అన్నారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అప్పటికి హాలు దాటి వరండా, వరండా దాటి రోడ్డు, మెట్ల మీద, కిటికీల మీద, ఎక్కడ చూసినా తెల్లకోట్లే. పక్క కాలేజీల పిల్లలు కూడా బస్సులు కట్టించుకుని దిగారు, మా సార్లని కూడా పాట పెట్టండి మావయ్యా అని. ఇంక మిగిలింది ఆయనొక్కడే."

"దుర్గాశ్రీనివాసు," అన్నాడు కాంతారావు.

"ఆయనే. ఎక్కించాను బల్లమీద. 'చూడండి బాబూ, పెద్ద చదువు చదివిన సారు, చెయ్యి తిరిగిన సారు' అన్నాను. అది నిజమే బావా, ఆయన పని తెలిసినవాడే. పని తెలిసిన చెయ్యి జేబులో పెట్టుకుని తిరుగుతాడు, పిల్లలకి చూపించడు, అదీ నాకు మంట. పాటెంత అన్నాను. చీమ చిటుక్కుమంటే ఒట్టు. గంప ఉచితం అన్నాను. ఐసు ఉచితం అన్నాను. ఇంటికి మోసుకొచ్చి నేనే దింపుతాను, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటానన్నాను. ఈగ కూడా వాలలేదు."

హసీనా నవ్వింది. నవ్వొచ్చిందని ఆవిడకే ఆశ్చర్యమేసింది. పిల్ల వచ్చిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు. కర్టెను వైపు చూసింది. వినపడుతోందా? వినపడాలి. వినాలి అది.

శోభనాద్రికి ఇంక పగ్గాల్లేవు. లేచి నిలబడి చేతులూపుతూ చెబుతున్నాడు. దుర్గాశ్రీనివాస్ సారు బల్లమీదే ఏడ్చాడట. ఆ ఏడుపు మోకాళ్ళ లోతు నీరై హాలంతా నిండిందట. కుర్చీ కుర్చీకీ ఉమ్మి లాగే గొట్టాలుంటాయి కదా, అవన్నీ ఒకేసారి ఆన్ చేస్తే గానీ నీళ్ళు తియ్యలేదట. తర్వాత ఈయన ఆ సారుని పిల్ల నిలబడే చోట నిలబెట్టి, చేతికి పన్ను తొలిచే మిషనిచ్చి, వెనక నిలబడి, "ఎవరు చెప్పారు నీకు ఇలా చెయ్యమని?" అని ఒక్క కేక వేశాడట. ఆ కేకకి సారు చెయ్యి వణికి, మిషను పన్నుమీంచి జారి, కుర్చీకి చిల్లు, నేలకి చిల్లు, కింద అంతస్తులో ప్రిన్సిపాలు గారి బల్లకి చిల్లు.

"ప్రిన్సిపాలు ఆ చిల్లులోంచి తల పైకి పెట్టి, 'ఏం జరుగుతోందిక్కడ?' అన్నాడు. 'నేర్పుతున్నాం' అన్నాను. 'పిల్లలకా?' అన్నాడు. 'కాదు, నేర్పేవాళ్ళకి' అన్నాను. ఆ మాట ఎవడో ఫోనులో పట్టి ఢిల్లీకి పంపాడు. సాయంత్రానికి ఢిల్లీ నుంచి పెద్దవాళ్ళ ఫోను. దేశంలో ఉన్న పళ్ళ సార్లందరికీ మీరొచ్చి పాఠం చెప్పాలి శోభనాద్రిగారూ, హెలికాప్టరు పంపిస్తున్నాం అని. రేవులో దింపకండి, ఎండబెట్టిన చేపలు ఎగిరిపోతాయి, ఘంటసాల ఊరి వైపు కోసేసిన పొలాల్లో దింపండి అన్నాను. ఇవాళో రేపో వస్తుంది."

"నన్నూ ఎక్కించు బావా," అన్నాడు కాంతారావు, కళ్ళు తుడుచుకుంటూ. "ఢిల్లీ చూడలేదు."

"గంప పట్టదంటే నేను రాను," అంది మేరీ.

అందరూ నవ్వుతున్నారు. హసీనా నవ్వడం లేదు. ఆవిడ పొయ్యి వెనకనుంచి ఇవతలికి వచ్చింది. ఆవిడ కొట్టులో ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. పంచదార తక్కువా ఎక్కువా, అంతే. అందుకని ఆవిడ నోరు తెరిచేసరికి నవ్వులు తగ్గాయి.

"అన్నయ్యగారూ. మిగతాదంతా వదిలెయ్యండి. హెలికాప్టరు రాకపోయినా ఫరవాలేదు. మొదట ఒక మాట చెప్పారు. పిల్ల మీద అరవకండి అన్నానని. అది అన్నారా?"

శోభనాద్రి చేతులు కిందికి దిగాయి.

"అదేం అడగడం చెల్లెమ్మా? అనకుండా ఉంటానా? మన పిల్ల కదూ?"

"అన్నారా?"

"అన్నాను."

ఆవిడకి ఇంకేమీ అక్కర్లేదు. చున్నీ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆయనకి దండం పెట్టబోయింది కూడా.

"అనలేదమ్మీ."

కర్టెను పక్కకి తప్పించి నౌషీన్ నిలబడి ఉంది. జుట్టు దువ్వుకోలేదు. మొహం వాచి ఉంది. శోభనాద్రి ఆ పిల్లని చూసి బల్ల మీద కూలబడ్డాడు. "నువ్వు... కాలేజీకి వెళ్ళలేదామ్మా?" అన్నాడు. ఆ గొంతు రేవు దాకా కాదు, పక్కనున్న కాంతారావు దాకా కూడా సరిగ్గా వెళ్ళలేదు.

నౌషీన్ తల్లితోనే చెప్పింది.

"ఆ రోజు పొద్దుట బస్సులో ఇవన్నీ నేనే చెప్పాను అమ్మీ. హాసిని మేడం సంగతి, ఇద్దరు సార్లు రెండు రకాలుగా చెప్పడం, అన్నీ. గుడివాడ దాకా వింటూనే ఉన్నారు. 'చూద్దాం, నేనున్నాగా' అన్నారు. సారు అరిచినప్పుడు నోట్లో అన్నీ ఉన్నాయి, నిజమే. కానీ తర్వాత సారే అవన్నీ తీసేశారు. తీసేసి, 'ఈ అమ్మాయి చేతే చేయించుకుంటారా, వేరే కుర్చీకి వెళ్తారా' అని మావయ్యని అడిగారు. అప్పుడు నోరు ఖాళీగానే ఉంది. మావయ్య లేచి వేరే కుర్చీకి వెళ్ళారు. వెళ్తూ సారుకి దండం పెట్టారు."

పొయ్యి మీద పాలు పొంగి మంట మీద పడ్డాయి. మేరీ లేచి వెళ్ళి గిన్నె దించింది.

"పెద్దాయన అడిగాడమ్మా," అన్నాడు శోభనాద్రి. "తెల్లకోటు వేసుకుని అంతమంది మధ్య అడిగితే... నేనేమో వేలం పాడుకునేవాణ్ణి... ముందుపన్ను కదా, ఎక్కడ గాలి పోతుందో అని..."

"చాల్లే బావా," అన్నాడు కాంతారావు. ఈసారి నవ్వుతూ అనలేదు.

హసీనా ఆయన వైపు చూడలేదు. అంత అబద్ధంలో ఆవిడ ఏరుకున్నది ఆ ఒక్క మాట. హెలికాప్టరు కంటే అదే పెద్ద అబద్ధమైంది.

"ఇంకేమన్నాడు ఆ సారు?" అంది.

"వద్దులే."

"చెప్పు."

నౌషీన్ కర్టెను అంచు వేలికి చుట్టుకుంది. "అందరూ నిలబడి ఉన్నారు. మా బ్యాచి, జూనియర్లు, పేషెంట్లు. 'మీ అమ్మనైతే ఈ కుర్చీలో కూర్చోబెడతావా, నీ చేతికి అప్పగిస్తావా?' అన్నారు. ఆయన ఎక్కడ తప్పో చెప్తారని చూశాను. చెప్పలేదు. ఆ మాటే మళ్ళీ అడిగారు. నేనేం చెప్పలేకపోయాను."

హసీనా పొయ్యి అరుగు పట్టుకుని నిలబడింది. ఓర్చుకో అని ఫోనులో చెప్పిన ఆ గొంతుతోనే, కాస్త పైకి, అంది:

"నేర్పాల్సింది ఆయన. నేర్పకుండా నా పేరెత్తడానికి ఆయనకి నోరెలా వచ్చింది?"

శోభనాద్రి గ్లాసు కింద పెట్టాడు. "చెల్లెమ్మా, సోమవారం నేను కూడా వచ్చి..."

"మీరు పాట పాడుకోండి అన్నయ్యగారూ." మర్యాద తగ్గలేదు. అంతకంటే ఏమీ మిగల్లేదు ఆ మాటలో. ఆయన లేచాడు. బొత్తాలు పెట్టుకుంటూ రోడ్డెక్కాడు. మేరీ వెనకనుంచి, "పొలాల మీదుగా వెళ్ళన్నా, హెలికాప్టరు దిగి ఉంటుంది," అంది. ఆయన తిరిగి చూడలేదు.

హసీనా పొయ్యి కట్టేసింది. మిట్టమధ్యాహ్నం ఆ కొట్టు పొయ్యి ఆరడం కాంతారావు ఎప్పుడూ చూడలేదు.

"సోమవారం నేనొస్తాను," అంది కూతురితో. "ఆయన అడిగిన ఆ కుర్చీలోనే కూర్చుంటాను. ఆయన్నే స్టూలు తెచ్చుకుని నీ పక్కన కూర్చోమంటాను. నీ తప్పేమిటో నాకూ అర్థమయ్యేట్టు చెప్పమంటాను. చెప్పాక అడగమను, అప్పగిస్తావా అని. జవాబు నేను చెబుతాను."

"ఊరికే కూర్చోనివ్వరమ్మీ. కేసు ఉండాలి," అంది నౌషీన్. "నీ పళ్ళకేమీ లేదు కదా."

"ఎప్పుడైనా చూశావా?"

నౌషీన్ చూడలేదు. పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, హార్బరులో అందరి నోళ్ళూ చూసింది. ఇంట్లో చూడలేదు.

హసీనా బల్ల మీద, వెలుతురు వైపు తిరిగి కూర్చుని నోరు తెరిచింది.

నౌషీన్ కుళాయి దగ్గరికి వెళ్ళి సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. మేరీ అడక్కుండానే ఫోను లైటు వేసి పట్టుకుంది. "ఇంకాస్త పైకి పిన్నీ," అంది నౌషీన్. మేరీ పైకి పట్టింది. పిల్ల తల్లి గడ్డం కింద వేళ్ళు ఆనించి, తల కొంచెం వెనక్కి వాల్చి, వంగి చూసింది. నిలబడి కాదు, బాగా వంగి. కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. ఎడమవైపు కింద, వెనక, ఒకచోట ఆగిపోయింది.

"అమ్మీ, ఇది ఎప్పట్నించి నెప్పి? దీంతో ఎలా తింటున్నావు? ఎందుకు చెప్పలేదు?"

నీ పరీక్షల మధ్య ఇదొకటా అని చెప్పడానికి హసీనా నోరు మూయబోయింది.

"ముయ్యకు," అంది నౌషీన్. "ఇంకా చూస్తున్నాను."